క్లచ్ నొక్కితే మారిన చప్పుడు

1999లో నేను అమలాపురంలోని ఒక ప్రైవేటు వర్క్‌షాపులో ఫోర్‌మాన్‌గా చేస్తున్నాను. హెల్పర్‌గా చేరి, మెకానిక్ అయి, ఆ కుర్చీ దాకా రావడానికి ఇరవై రెండేళ్ళు పట్టింది. బండి లోపలికి రాగానే రోగమేమిటో తేల్చడం ఫోర్‌మాన్ పని. విప్పడం, బిగించడం మెకానిక్‌లు చూసుకుంటారు. మనుషులు తక్కువైన రోజున మాత్రం నేనూ స్పానర్ పట్టేవాణ్ణి.

నా చెవికి ఆ చుట్టుపక్కల పేరుండేది. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనని ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటే లోపలి శబ్దం తేటగా వినిపిస్తుంది. నాకో పట్టింపు ఉండేది. నేను విని చెప్పేదాకా డ్రైవర్ నోరు విప్పకూడదు. ముందే ఏదైనా చెబితే చెవి ఆ మాట వెంటే పోతుందని నా వాదన. అందులో కొంత నిజం లేకపోలేదు గానీ, నా గొప్పే ఎక్కువ.

ఆ వానాకాలంలో మామిడికుదురు నుంచి సూర్యనారాయణ గారి డీజిల్ అంబాసిడర్ వచ్చింది. ఆయన కొబ్బరితోటలున్న రైతు, మితభాషి. బండికి పదిహేనేళ్ళుంటాయి. పదకొండేళ్ళుగా దాన్ని నడుపుతున్నవాడు వీర్రాజు. డిప్‌స్టిక్ తీసి ఆయిల్ చూడనిదే పొద్దున్న తాళం తిప్పడని అతనికి పేరు. వారం రోజులుగా ఇంజన్‌లో టకటకమని చప్పుడు వస్తోందట. రాజమండ్రి వెళ్ళి వచ్చేసరికి అది బాగా పెరిగింది.

నేను బానెట్ ఎత్తాను. వీర్రాజు పక్కకొచ్చి, “మేస్త్రిగారూ, క్లచ్ మీద కాలేస్తే చప్పుడు మారతందండి...” అన్నాడు. “ఆగవయ్యా, నన్ను విననీ,” అన్నాను. అతను వెనక్కి తగ్గాడు.

స్క్రూడ్రైవర్ పెట్టి విన్నాను. బరువైన దెబ్బ, అడుగున ఎక్కడో. తర్వాత సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే ఒక్కో ఇంజెక్టర్ నట్టూ వదులు చేసి చూశాను. అలా చేస్తే ఆ సిలిండర్ మండదు. దాని బేరింగే అరిగి ఉంటే, ఆ కాసేపు దెబ్బ తగ్గుతుంది. మూడోదాని దగ్గర తగ్గినట్టు అనిపించింది. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ కింది గీతకి కాస్త దిగువన ఉంది. పాత ఇంజన్ దూరం తిరిగొస్తే అంతమాత్రం తగ్గడం మామూలే, నాకు తెలియని సంగతి కాదు. అయినా యజమాని ముందు నిలబడి తీర్పు చెప్పేశాను. బేరింగ్ పోయిందండీ, ఆయిల్ చూసుకోకుండా నడిపితే ఇంతే.

సూర్యనారాయణ గారు వీర్రాజు వైపు చూశారు. “చూసేనండి,” అన్నాడు వీర్రాజు. ఆ మాట ఒక్కసారే అన్నాడు. ఆయన కేక వేయలేదు. “తాళం మేస్త్రిగారికిచ్చి వెళ్ళిపో. రేపట్నుంచి రావద్దు,” అన్నారు. “ఆయ్, అలాగేనండి,” అని వీర్రాజు తాళం నా చేతిలో పెట్టి, ముందు సీట్లోంచి తన తువ్వాలు తీసుకుని బస్టాండు వైపు నడిచాడు. నేను అడ్డుపడలేదు.

మూడో రోజున ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్ దింపాం. నాలుగు బేరింగులూ శుభ్రంగా ఉన్నాయి, గీత కూడా పడలేదు.  అప్పుడు గుర్తొచ్చింది వీర్రాజు మాట. బేరింగ్ దెబ్బ క్లచ్‌కి మారదు. క్లచ్ నొక్కితే ఆ ఒత్తిడి పడేది ఇంజన్ వెనకుండే ఫ్లైవీల్ అనే బరువైన చక్రం మీద. గేర్‌బాక్స్ దింపించాను. ఫ్లైవీల్ బోల్టులు చేత్తో తిరుగుతున్నాయి. బోల్టు వదులవకుండా కింద పల్చటి లాక్‌ప్లేటు వేసి, బిగించాక దాని చెవుల్ని బోల్టు తల మీదికి మడవాలి. ఆ చెవులు మడవలేదు. రెండు నెలల క్రితం క్లచ్ ప్లేటు మార్చినప్పుడు ఆ బోల్టులు బిగించింది నేనే. మధ్యలో ఎవరో పిలిస్తే లేచి వెళ్ళాను.

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. నేను తీసుకునే ప్రయత్నం కూడా చేయలేదు. బోల్టులు బిగించి, చప్పుడు పోయిందని మాత్రం చెప్పి బండి పంపించేశాను. నా పేరు పోతుందని భయం. ఇరవై రోజులు మింగలేక కక్కలేక తిరిగి, ఆఖరికి సూర్యనారాయణ గారి దగ్గరికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన “వెళ్ళి తీసుకురండి వాణ్ణి,” అన్నారు.

వీర్రాజు ఇంటికి వెళితే అతని భార్య గుమ్మంలోకి వచ్చింది. “ఇంజను కాల్చేసేడని ఊరంతా పాకిపోయిందండి. ఎవరూ బండివ్వలేదండి. మొన్న ఆదివారం బొంబాయి వెళ్ళిపోయేరు, అక్కణ్ణుంచి మస్కట్ అంటండి,” అంది. నేనెవరో ఆవిడకి తెలుసు. అయినా కూర్చోమని కుర్చీ వేసింది. కూర్చోలేకపోయాను. విషయం ఆవిడకి చెప్పాను గానీ, ఉత్తరం రాసి అతనికి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఆవిడా రాయలేదని తర్వాత తెలిసింది. పరాయిదేశంలో ఉన్న మనిషి మనసు పాడుచేయడమెందుకని ఊరుకుందట.

రెండేళ్ళకి సెలవు మీద వచ్చినప్పుడు వీర్రాజే వర్క్‌షాపుకి వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. ఇంట్లో చెప్పారట, నా నోటితో వినాలని వచ్చాడు. లాక్‌ప్లేటు సంగతి, నేను దాచిన ఇరవై రోజుల సంగతి అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

“అయితే నేను ఆయిల్ చూసేనన్నమాటేనండి,” అన్నాడు. “మీ అంతటివాళ్ళు అనేసరికి నాకే అనుమానం పట్టుకుందండి. అక్కడ బండి తీసినప్పుడల్లా అదే ఆలోచన. ఆ పొద్దున్న చూసేనా, చూసేననుకున్నానా అని.”

ఆ తర్వాత మరో పదకొండేళ్ళు పనిచేశాను. బానెట్ ఎత్తే ముందు డ్రైవర్‌ని కూర్చోబెట్టి, చప్పుడు ఎప్పుడు పెరుగుతుంది, దేనికి మారుతుంది అని అడిగి, అంతా విన్నాకే స్క్రూడ్రైవర్ తీసేవాణ్ణి. విప్పి చూడకుండా తప్పు ఎవరిదో ఏ యజమానికీ చెప్పలేదు. ఇవి రెండూ ఏ మెకానిక్‌కైనా మొదటి నెలలోనే నేర్పదగ్గవి. నేను నేర్చుకునేసరికి వీర్రాజు రెండేళ్ళపాటు తనని తానే నమ్మలేకపోయాడు.