బామ్మర్ది పట్టాల్సిన తాడు

మార్కాపురంలో మా వీధి ఊడ్చేవాళ్లు పొద్దున్నే వేపాకును కుప్పపోసి నిప్పు పెడతారు. ఎండాకు కింద పచ్చి రెమ్మలుంటే మంట లేవదు, తెల్లటి చిక్కటి పొగ మాత్రం వస్తుంది. ఆ పొగ కిటికీలోంచి లోపలికి వస్తే పొయ్యి మీద ఏం పెట్టానో కూడా మర్చిపోతాను. అది మా నాయన వాసన.

మాది నల్లమల అంచున ఒక చిన్న గూడెం. నాయన కొండతేనె తీసేవాడు. పచ్చాకు కట్టను రాజేసి, ఆ పొగతో ఈగలను లేపి, నిలువు రాతికి వేలాడే పట్టును కోసేవాడు. అందుకే ఎండాకాలమంతా ఆయన జుట్టు, పంచె, ఆయన ఎత్తుకుంటే నా గౌను కూడా పొగ వాసనే. అడవిలో ఎవరూ పోని చోట్లకు పోయి రావడం ఆయనకు పండగ. వచ్చేటప్పుడు మోదుగాకు దొప్పలో మొర్రిపండ్లో, తునికిపండ్లో, ఒక్కోసారి నెమలీకలో తెచ్చి, ముందు మా అమ్మ ఒళ్లో పోసి, తర్వాత మమ్మల్ని పిలిచేవాడు. ఎలుగుబంటి తరిమిన కథను రోజుకో రకంగా చెప్పేవాడు. ఒకరోజు ఎలుగు ఎక్కిన చెట్టు మరుసటి రోజు తాను ఎక్కిన చెట్టయ్యేది. "నిన్న ఇట్ల చెప్పలేదే" అని నేను పట్టుకుంటే, "నిన్నటిది వేరే ఎలుగు లేమ్మా" అనేవాడు.

తేనెకు పోయే ముందు అడవితీగల నారను నానబెట్టి, ఇంటి ముందు కూర్చుని తాడు పేనేవాళ్లు. ఆ తాడును కొండ మీది చెట్టుకు కట్టి, ఒక మనిషి చేతిలో పట్టుకుంటే, ఇంకొకడు దాని మీద వేలాడుతూ దిగాలి. పట్టుకునేవాడు ఎప్పుడూ దిగేవాడి పెండ్లాం తమ్ముడో అన్నో అయ్యుండాలి. సొంత తోడబుట్టినవాడు పట్టకూడదు. అన్న చనిపోతే వదినను తమ్ముడు చేసుకునే ఆచారం మావాళ్లలో ఉంది, అందుకని వాడిని నమ్మకూడదట. బామ్మర్దైతే తన అక్క మెడలో తాడు తెంచడు కదా అని పెద్దల లెక్క. మా నాయనకు తాడు పట్టేది మా అమ్మ తమ్ముడు. కొండ కింద బుట్టలతో నిలబడ్డ ఆడవాళ్లందరికీ వినబడేలా పైనుంచి మామ అరిచేవాడు.

"బావా, వదల్నా?"

"వదులురా! మీ అక్కకు, ఈ పిల్లకాయలకు రేపట్నించి నువ్వే కూడు పెట్టు!"

"వద్దులే బావా, మా అక్క తిండి నీకే తెలుసు!"

అమ్మ కిందనుంచి మన్ను తీసి పైకి విసిరేది. రాతి మీద నాయన నవ్వుతూ ఊగేవాడు. నాకు భయం వేసేది కాదు.

ఆ ఏడు మామకు చలిజ్వరం పట్టింది. మబ్బులు ముందే దిగాయి. వాన పడితే ఈగలు తేనె తాగేసి లేచిపోతాయి. నాయన మూడు పూటలా కొండ వైపే చూస్తూ తిరిగాడు.

"మా తమ్ముడు లేచేదాకా ఆగు" అంది అమ్మ.

"అంతలోకి ఈగలు ఆగుతాయా? నా తమ్ముడు పడతాడులే. వాడు మనిషి కాదంటావా ఏంది?"

చిన్నాయన అప్పటికి పెండ్లికాని మనిషి. నన్ను మెడ మీద కూర్చోబెట్టుకుని సంతకు తీసుకుపోయేది ఆయనే. "నాకొద్దన్నా, నీ బామ్మర్దిని లేవనీ" అని ఆయన కూడా అన్నాడు. నాయన వినలేదు.

పొద్దు వాలకముందే చిన్నాయన ఒక్కడే దిగి వచ్చాడు. తెగిన తాడు మెడకు చుట్టుకుని ఉంది. అరచేతుల తోలు లేచిపోయి ఉంది. "రాయి ఒరుసుకుని తెగింది వదినా, నేను వదల్లేదు" అని మా గుడిసె ముందు కూలబడ్డాడు. పెద్దలు తాడు కొసను తిప్పి తిప్పి చూశారు. నార పీచుపీచుగా ఉంది, కత్తి కోత కాదని తేల్చారు. అయినా నాయనను పూడ్చి వచ్చాక చిన్నాయన పక్కన ఎవరూ కూర్చోలేదు. జ్వరంతో వణుకుతూనే మామ "నేను లేస్తుంటి గదరా, రెండు దినాలు ఆగలేకపోయినారా" అని ఆయన మీద మన్ను పోశాడు. దాహమని అడిగితే అమ్మ కుండ మీద మూత పెట్టి లోపలికి పోయింది. కొన్నాళ్లు గూడెం చివర ఒంటరిగా ఉండి, ఒకరోజు ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు. ఒకే కొండ మీద నాకు నాయనా పోయాడు, చిన్నాయనా పోయాడు.

అమ్మ ముసలిదై మా ఇంట్లో మంచం పట్టాక, చిన్నాయన పొదిలి దగ్గర ఒక బత్తాయితోటకు కావలి ఉండి అక్కడే చనిపోయాడని కబురు తెలిసింది. అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది.

"వాడు వదల్లేదు. నాకు ఆ పొద్దే తెలుసు" అంది.

"తెలిసి గుక్కెడు నీళ్లు ఎందుకియ్యలేదమ్మా?"

"వాని మీద కోపం పెట్టుకోకుంటే మీ నాయన మీద పెట్టుకోవాల. అది నా చేత కాలే."

ఆ మాట వినాల్సిన మనిషి వినకుండానే పోయాడు. తర్వాత అమ్మ కూడా పోయింది. ఇప్పుడు మా గూడెంలో తాడు పేనేవాళ్లు లేరు. కొండ ఎక్కేవాళ్లు లేరు. బామ్మర్దులు గిద్దలూరులో ఆటోలు నడుపుతున్నారు.

మొన్న నేను పొదిలికి పోయాను. చిన్నాయనను ఎక్కడ పూడ్చారో తెలిస్తే అక్కడ కాసేపు కూర్చుందామనుకున్నాను. అడిగి అడిగి ఊరివాళ్లు చూపించిన చోటికి చేరితే, ఎర్రమట్టి చదును చేసి వరసగా రాళ్లు పాతి ఉన్నాయి. గొడుగు కింద కూర్చున్న కుర్రవాడు లేచి వచ్చాడు.

"ప్లాటు చూస్తావా పెద్దమ్మా?"

"లేదు నాయనా. ఈడ బత్తాయితోట ఉండేదంట. దానికి మా చిన్నాయన కావలుండె."

అతను చుట్టూ చూసి, నా మీద జాలిపడినట్టు నవ్వాడు.

"ఎవురో తప్పు జెప్పినారు పెద్దమ్మా. నాకు తెలిసి ఈడ తోటే లేదు."