ఎడమ చేత్తో రంగు చూసిన మేస్త్రి

మా పక్కింటి పెయింటు మేస్త్రి పోయి ఇవాళ్టికి పదిహేను రోజులు. పొద్దున కాఫీ తాగి గ్లాసు కింద పెడుతూ గుండె పట్టుకున్నారట. ఆస్పత్రికి చేరేలోపే అయిపోయింది. మా ఆవిడ పరుగున వచ్చి ఆ మాట చెప్పేటప్పటికి నేను మా అమ్మాయి కారు మీద నీళ్ళు పోస్తున్నాను. చెంబు చేతిలోనే ఉండిపోయింది.

నేను ఏడో తరగతి దాకా చదివినవాణ్ణి. బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు పనిచేసి ఇంట్లో కూర్చున్నాను. రాయడం నాకు అలవాటు లేదు. కానీ ఆయన ముందర అనవలసిన మాట ఒకటి అనకుండా దాచుకున్నాను. ఇప్పుడు మీ ముందరైనా అనాలి.

మేస్త్రికి చిత్తూరు దాటాక హైవే పక్కన ఒక రేకుల షెడ్డు ఉండేది. మామిడికాయల లారీలన్నీ ఆయన చేతికిందే రంగు వేయించుకుని కొత్తబడేవి. పనిలో ఉన్నప్పుడు ఎవరైనా మాట్లాడిస్తే చెయ్యి ఆపి జవాబు చెప్పేవారు, చెప్పాకే మళ్ళీ చెయ్యి కదిపేవారు. రంగు నున్నగా వచ్చిందా లేదా అని ఎప్పుడూ ఎడమ చేత్తోనే తడిమి చూసేవారు. ఎందుకని ఒకసారి అడిగాను. "కుడిచెయ్యి పాత రంగు గీకే ఉప్పుకాగితం పట్టి పట్టి మొద్దుబారిపొయ్యిందప్పా. దానికేం తెలస్తాది? ఎడమచెయ్యి ఇంకా పసిబిడ్డ మాదిరి ఉండాది" అన్నారు. ఆ మొద్దుబారిన కుడిచేతికే ఒక రాగి ఉంగరం. పెళ్ళినాడు మామగారు పెట్టినది. బంగారం పెట్టే స్తోమత ఆయనకు లేక రాగి పెట్టాడట.

ఇక కారు సంగతి. ఉగాదికి వారం ముందు మా అమ్మాయి కారు కొన్నది. అబ్బ, ఆ రోజు నా సంతోషం ఎలా చెప్పను! మా అమ్మాయి పశువుల డాక్టరు. కార్వేటినగరం చుట్టుపక్కల పల్లెలన్నీ ఎండనక వాననక స్కూటర్ మీదే తిరిగింది. మా వంశంలో ఎవరికీ నాలుగు చక్రాలు లేవు. మా నాయనకు ఎద్దులబండి ఉండేది గానీ దానికీ రెండే చక్రాలు. ముదురు నీలం కారు. అందులో నా మొహం నాకే కనబడింది, అదీ పదేళ్ళు తగ్గి. నేను దాని చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. "నాయనా, ప్రదక్షిణాలు చాలు, లోపలికొచ్చి కూసో" అని మా అమ్మాయి హారన్ కొట్టింది. వీధంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వినవారు మేస్త్రి.

కాణిపాకంలో పూజ చేయించి తెచ్చాము. బానెట్టు మీద పసుపు, కుంకుమ బొట్లు దట్టంగా పెట్టించాను. మర్నాడు పొద్దున్నే మేస్త్రి వచ్చారు.

"అప్పా, బొట్లు అద్దానికి పెట్టుకో, రంగుకు వద్దు. ఈ ఎండకు పసుపు పట్టేస్తాది. ఇప్పుడే కడిగేయ్."

"దేవుడి బొట్టు మేస్త్రీ, మూడు పొద్దులన్నా ఉండల్ల గదా."

"దేవుడు నిన్ననే దీవించేసినాడులే. ఈ పొద్దు నువ్వు కడుక్కో."

నేను వినలేదు. మూడో రోజుకు పసుపు మచ్చ తేలింది. ఆయన ఒక డబ్బాలో మైనం, మెత్తటి గుడ్డ తెచ్చుకుని, బానెట్టు ముందర పీట వేసుకుని మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. మచ్చ పోయింది. డబ్బులిస్తే తీసుకోలేదు, మజ్జిగ మాత్రం తాగారు.

ఆ రోజే చెప్పారు: "ముందు నీళ్ళు పొయ్యల్ల, ఆనక చెయ్యి పెట్టల్ల. దుమ్మంటే ఇసకేనప్పా. సన్నంగా ఉండాదని పొడిగుడ్డతో తుడిస్తే నీ గుడ్డే ఉప్పుకాగితం అయిపోతాది." టౌనులో ఏవో కొత్త పూతలు పూస్తారట, పూయిద్దామా అని అడిగితే, "అన్నీ మంచివే. చెయ్యి నిదానం లేకుంటే మాత్రం ఏ పూతా కాపాడదు" అన్నారు.

తల ఊపాను. కానీ ప్రేమ ఉంటే చెయ్యి ఊరుకోదు కదా! పొద్దున్నే, అమ్మాయి లేవకముందే, భుజం మీద తువ్వాలు తీసి కారంతా గుండ్రంగా, గట్టిగా రుద్దేవాణ్ణి. నీళ్ళు లేవు, ఏమీ లేవు. కారుకు తలంటినంత తృప్తి.

నెల తిరిగాక ఒకరోజు ఎండ నేరుగా బానెట్టు మీద పడింది. చూస్తే అందులో మెరిసే సూర్యుడి చుట్టూ గీసినట్టు వేలకొద్దీ సన్నటి గుండ్రటి గీతలు. నా ప్రాణం పోయినంత పనయింది. సరిగ్గా అప్పుడే మేస్త్రి వచ్చి అలవాటుగా చెయ్యి చాచారు. గేటు దగ్గర పాలాయన ఉన్నాడు, ఎదురింటి ఆడవాళ్ళు ఇద్దరున్నారు.

"చెయ్యి తియ్యి మేస్త్రీ! నీ ఉంగరం యాడ పడితే ఆడ గీకేసుండాది సూడు. కొత్త బండబ్బా ఇది, నీ లారీ గాదు!"

ఆయన తన ఉంగరం వంక చూసుకున్నారు. "సరేలేప్పా" అని వెళ్ళిపోయారు.

మర్నాడు మళ్ళీ వచ్చారు. గేటు బయట నిలబడి కుడిచెయ్యి కాస్త పైకెత్తారు. వేలికి ఉంగరం లేదు. నేను చూశాను. చూసి, పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఆ రోజు పేపర్లో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు. కాసేపటికి చెప్పుల చప్పుడు దూరమైంది.

వారం తర్వాత మా ఆవిడే అన్నది. "ఏమయ్యో, ఎనక పక్కా ఉండాయి గీతలు. మేస్త్రి ఎనక పక్కకు పోయిందెప్పుడు? ఆయన తాకేది ఎడమ చేత్తో గదా, ఉంగరం కుడిచేతికి గదా?" అని, నా భుజం మీది తువ్వాలు వంక చూసింది. ఆ రోజు నుంచి నీళ్ళు పోశాకే కారును తాకుతున్నాను.

అప్పుడే పోయి తప్పయిందని చెప్పాల్సింది. ఎలా పోను, ఉత్త చేతులతో? తోటలో తెలిసినతని దగ్గర బేనీషా మామిడికాయలు తెచ్చి వెనక గదిలో వరిగడ్డిలో వేశాను. పండాక బుట్ట పట్టుకుపోయి, చేతిలో పెట్టి, మాట చెబుదామనుకున్నాను. రోజూ ఒక కాయ నొక్కి చూసేవాణ్ణి. ఇంకా గట్టిగా ఉంది, రేపు పోదాం. ఇంకా గట్టిగా ఉంది, ఎల్లుండి పోదాం. ఆ పచ్చికాయలు నాకు మంచి సాకు అయ్యాయి.

ఆయన పోయిన పొద్దున ఇల్లంతా పండ్ల వాసన.

వసారాలో పడుకోబెట్టిన మనిషిని చూడబోతే నా కళ్ళు మొహం మీదికి పోలేదు. కుడిచేతి వేలికి పోయాయి. నలభై ఏళ్ళు ఎండ తగలని చోట తెల్లటి వలయం.

మూడోనాడు వాళ్ళింటికి పోయాను. పండ్లు పట్టుకుపోయే సందర్భం కాదు, ఉత్త చేతులతోనే పోయాను. మేస్త్రి భార్యను నేను అక్కా అని పిలుస్తాను.

"అక్కా, కారు మింద గీతలు నేను గీసినవే. నా తువ్వాలుతో. ఆయన ఉంగరం గాదు."

"తెలుసులేబ్బా" అన్నది. "ఆయన ఆ పొద్దే చెప్పినాడు. 'ఆయప్ప తువ్వాలు ఇడిచిపెట్టడు, బండి కంటే ముందు ఆయప్పను కడగల్ల' అని నవ్వినాడు."

"తెలిసుండీ ఉంగరం ఏల తీసినాడక్కా?"

"నేనూ అదే అడిగినా. 'ఇది ఏలికి ఉంటే నన్ను బండి దగ్గిరికి రానీడే. అంత మంచి నీలం మల్లా యాడ సూస్తాను?' అన్నాడు. సబ్బు రాసి, టెంకాయనూనె రాసి, అరగంట లాగినాం. ఏలు వాసిపొయ్యింది." "మర్నాడు వస్తే నువ్వు పేపరు సదువుతా ఉన్నావంట. పనిలో ఉన్నాడులే అని తిరిగొచ్చేసినాడు" అన్నది.

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మా అమ్మాయికి అంతా చెప్పాను. "గీతలు తీయించేద్దామా నాయనా, ఒక పూట పనంట" అన్నది. వద్దమ్మా, ఉండనీ అన్నాను.

రోజూ పొద్దున ముందు నీళ్ళు పోస్తాను. దుమ్మంతా జారిపోయేదాకా ఆగుతాను. ఆనక ఎడమ చెయ్యి పెట్టి చూస్తాను. నున్నగానే ఉంటుంది, చేతికి ఏమీ తగలదు. ఎండ బానెట్టు మీదికి ఎక్కగానే మాత్రం అవి లేస్తాయి, నీలంలో ఒకదాని పక్కన ఒకటి, సన్నటి ఉంగరాలు.