సారు పెట్టని రైటు గుర్తు

కరోనా వల్ల బడి ట్యాబ్‌లోకి వచ్చిన నెలల్లో, గల్ఫ్‌లో, కరామాలోని మా అమ్మాయి ఇంట్లో మనవరాలు ఒక భాగహారం చేసి పుస్తకాన్ని నా ముందుకు తోసింది. "అమ్మమ్మా, రైటో తప్పో చెప్పెయ్, ఖలాస్!" అంది. నేను చెప్పలేదు. ఆ పేజీలోని రబ్బరు వాసనకు జగిత్యాల దగ్గరి మా ఊరి బడి, నా నాలుగో తరగతి గుర్తుకొచ్చాయి.

మా లెక్కల సారు ఎవరి పుస్తకంలోనూ రైటు గుర్తు పెట్టేవారు కాదు. "నువ్వే సరిచూసుకో" అని పంపేసేవారు. గుర్తు లేని పుస్తకం చూస్తే, చదువు అబ్బడం లేదని నాయన బడి మాన్పిస్తాడని నా భయం. చివరకు ఆయనకే భాగహారం రాదని తేల్చుకుని, పక్కనున్న స్నేహితురాలితో, "సారుకే లెక్కలు రావే!" అన్నాను. ఆయన విన్నారు. కోప్పడలేదు.

"అట్లనే అనుకో బిడ్డా. నీ జవాబు ఎట్ల రైటో నాకు సమజ్ చెయ్."

జవాబును భాజకంతో గుణించి శేషం కలిపాను. అసలు సంఖ్యకు మూడు తక్కువ వచ్చింది. ఆయన పెదవి విప్పలేదు. తప్పు వెతికి మళ్లీ చేశాను; సరిపోయింది. అప్పుడు ఎర్ర పెన్సిల్ నా చేతికిచ్చి, "గుర్తు నువ్వే పెట్టుకో" అన్నారు.

ఆ సాయంత్రం నాయన, "ఇది ఎవరు పెట్టిండ్రు?" అని అడిగాడు. "నేనే" అని, గుణించి చూపించాను. నాయన బడి మాన్పించే మాటే ఎత్తలేదు.

జవాబు తెలిసి కూడా చెప్పకుండా నిలబడడానికి ఎంత నిగ్రహం కావాలో, నేను ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాక గాని నాకు బోధపడలేదు.