పుర్రె బొమ్మ మీద ఆకుపచ్చ రంగు

మొన్న మా అమ్మాయి ఫోన్లో ఫొటోలు చూపించింది. వాళ్ళ కాలేజీలో పాత డబ్బాలకు రంగులేసి మొక్కలు పెట్టే పోటీ అట. "ఎలా ఉన్నాయమ్మా?" అంది. బాగున్నాయి అంటే పోయేది. "లోపల ముందేం ఉండేదో కనుక్కున్నారా?" అని కసిరాను. పిల్ల బిత్తరపోయింది. దాని తప్పేం లేదు పాపం.

ఇరవై ఏళ్ళ పైమాట. మా వైపు ఒక యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదివేదాన్ని. పత్తికి పురుగుపట్టి, వారం తిరక్కుండా మందు కొట్టే రోజులవి. ఖాళీ అయిన మందు డబ్బా పారేయడానికి ఎవరికీ చేతులొచ్చేవి కావు. పిడి ఉన్న గట్టి డబ్బా మరి! కడిగి, ఎండబెట్టి, చేలోకి మంచినీళ్ళు పట్టుకెళ్ళేవాళ్ళు. మా పర్యావరణ క్లబ్బు పిల్లలం ఊరూరా తిరిగి, పుర్రె బొమ్మ ఉన్న డబ్బా ఇంట్లో ఉంచొద్దని మొత్తుకుని, దొరికినవన్నీ పోగేసుకొచ్చేవాళ్ళం. ఒక రైతు పకపకా నవ్వాడు. "పత్తి మీద పురుగే చావట్లేదమ్మాయ్, మేం చస్తామా?" అన్నాడు. మా మాట నిజంగా విన్నది క్యాంపస్‌లో తోటపని చేసే ఆవిడ ఒక్కతే. అందరం అత్తా అనే పిలిచేవాళ్ళం. అక్షరమ్ముక్క రాదు, కానీ ఇంట్లో పుర్రె బొమ్మ ఉన్న డబ్బాలు మూడూ తెచ్చి నా చేతికే ఇచ్చింది.

అంతలో తనిఖీకి పెద్దలొస్తున్నారని కబురు. క్లబ్బు చూసే మాస్టారికి బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. ఆ డబ్బాలన్నిటికీ ఆకుపచ్చ రంగేసి, మొక్కలకు నీళ్ళు పోయడానికి వరసగా పెట్టాలట. "సార్, అవి మందు డబ్బాలు కదా" అన్నాను. "మొక్కలకేగా, మనుషులక్కాదుగా!" అన్నారు. నా చేతిరాత బాగుంటుందని బొమ్మ చెరిపేసి నినాదం రాసే పని నాకే అప్పగించారు. ఎర్ర ప్రమాద గుర్తు మీద, పుర్రె మీద రెండు పూతలు పూసి, పైన తెల్లగా 'ప్రకృతిని ప్రేమిద్దాం' అని రాశాను. పెద్దలొచ్చారు, చప్పట్లు కొట్టారు, టిఫిన్లు తిని వెళ్ళారు.

తర్వాత ఆదివారం అత్త తన కూతుర్ని తీసుకుని మిరప కోతలకు వెళ్ళింది. నీళ్ళకు డబ్బా లేదు, మాకిచ్చేసిందిగా. అందుకని ఆకుపచ్చ డబ్బా ఒకటి తీసుకెళ్ళింది. ఎండకు గొంతెండిన పిల్ల గటగటా తాగేసింది. వాంతులు, నోట్లో నురగ. వారం రోజులు పెద్దాసుపత్రిలో ఉంచితే చచ్చి బతికింది.

ఇక్కడ మాస్టారు సిగ్గూ శరమూ లేకుండా పైవాళ్ళకు కాగితం రాశారు: డబ్బాల మీద ప్రమాద గుర్తు స్పష్టంగా ఉందని, ఆవిడ దొంగిలించిందని. క్లబ్బు పిల్లలందరి చేతా సంతకాలు పెట్టించారు. ప్రాక్టికల్ మార్కులు ఆయన చేతిలో ఉన్నాయి. పెట్టాను. ఛీ! పెట్టాను.

అత్తను పనిలోంచి తీసేశారు. వెళ్ళేరోజు హాస్టల్ గేటు దగ్గర నా కోసమే నిలబడింది. తిడుతుందనుకున్నాను. "నువ్వు చెప్పిన బొమ్మ కోసం తిప్పి తిప్పి చూశానమ్మాయ్. లేదు. లేకపోతే మంచిదేగా అనుకున్నా" అంది.

కాలం గడిస్తే కోపం చల్లారుతుందంటారు. మాస్టారి మీద చల్లారింది కూడా, ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ సంతకం పెట్టినదాని మీద మాత్రం ఇంకా చల్లారలేదు. అది రోజూ పొద్దున్నే నాతోపాటే నిద్ర లేస్తోంది.