చాంది తల్లి కుట్టుమిషను

భద్రాచలంలో చెప్పుల దుకాణం నడిపే జానీ మియాకు పాత కుట్టుమిషన్ల పిచ్చి. దుకాణం మూసిన రోజల్లా లుంగీ ఎగగట్టి, కిరసనాయిలుతో కడిగి, ఉప్పుకాగితంతో రుద్ది, నల్లరంగు వేసి, చక్రం గిర్రున తిరిగితే మురిసిపోతాడు. లంబాడీ తండా నుంచి చాంది అనే అమ్మాయి, చనిపోయిన తన తల్లి వాడిన మిషను వరదలో మునిగితే తెచ్చిస్తే, దాన్నీ అలాగే మెరిపించాడు. తీసుకుపోవడానికి వచ్చిన ఆమె దాన్ని అటూ ఇటూ తడిమింది.

"అమ్మ అంటించిన అద్దాలేవి చాచా?"

ఆ తల్లి తన లంగాకు కుట్టగా మిగిలిన ఆ అద్దాలను బురదతోపాటు గీకి పారేసింది జానీ మియానే.

"గోదారి నీళ్లకు ఊడిపోయినట్టున్నయ్ బిడ్డా."

"అవ్ చాచా, ఇల్లే పోయింది. నీ పుణ్యాన గిదన్న దక్కింది."

అతను తల దించుకుంటే మిషను కొత్త నలుపులో తన మొహమే కనబడింది. జానీ మియా గబగబా దానిమీద గుడ్డ కప్పేశాడు.