మా వేపచెట్టుకు ఇనుము తగలలేదు

మా ఇంట్లో వేపమండ విరవాలంటే ముందు చెట్టును అడగాలి. నవ్వేవాళ్లు నవ్వండి, నేను మాత్రం ఇవాళ్టికీ గర్వంగానే చెప్తాను. మారేడ్‌పల్లిలో మా ఇంటికీ ఎదురింటికీ మధ్య గల్లీలో ఉండేది ఆ చెట్టు. దాని మొదట్లో పసుపు పూసిన పోచమ్మ రాయి. చెంబెడు నీళ్లు పోసి, మాను మీద చెయ్యి పెట్టి, మండ ఎందుకు కావాలో పైకి చెప్పి, చేత్తోనే విరవాలి. కత్తి, కొడవలి, గొడ్డలి, ఏ ఇనుమూ తగలకూడదు. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో తెలియదు గాని, కాపలా కాసింది మా నాయనమ్మ.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా నాయనమ్మ నోరు అంత మంచిదేమీ కాదు. అయినా గల్లీ ఆమె మాట వినేది.

ఎదురింటావిడను పిల్లలందరం వాళ్ల ఉర్దూ మాటలోనే ఖాలా, అంటే పిన్నీ, అనేవాళ్లం. ఆమె భర్త తిరుమలగిరిలో సిపాయిల బట్టలు కుట్టేవాడు. చెట్టు కొమ్మలు సగం ఆమె వాకిట్లోకే వంగి ఉండేవి. ఖాలా కూడా ఇనుము తగలనిచ్చేది కాదు. పీర్ల పండుగకు నిప్పుల గుండంలో వేయడానికి రాలిన ఎండుపుల్లలే ఏడాదంతా ఏరి దాచేది. ఆమె మేక కూడా రాలిన ఆకులే తినేది. పాపం, దానికి వేరే గతి లేదు.

పోలీస్ యాక్షన్ అయి నిజాం రాజ్యం పోయిన కొత్త. నెలల తరబడి సరుకు రాక కట్టెలకు, గాసునూనెకు కటకటగా ఉంది. ఎవరొచ్చి మీద పడతారోనన్న భయానికి ఖాలా ఇంటి తలుపు పగలు కూడా తెరుచుకోవడం లేదు. అలాంటి ఒక పొద్దున గల్లీ చివరింటాయన గొడ్డలితో వచ్చాడు, వెనక ఇద్దరు ముగ్గురు.

"తుర్కోళ్ల ఇంటి మీదికున్న కొమ్మలే కొడ్తం అవ్వా. అమ్మోరి దిక్కు ముట్టం. పొయ్యి ఆరింది, ఏం జెయ్యాలె?" అన్నాడు.

"పచ్చి కట్టె పొయ్యిల పెడ్తే కండ్లల్ల నీళ్లే వస్తయి బిడ్డా, మంట రాదు" అంది నాయనమ్మ. అతను వచ్చింది కట్టెల కోసం కాదని చిన్నదాన్ని నాకే అర్థమైంది.

నాయనమ్మ లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"అమ్మోరి ఒంట్ల ఒక దిక్కు తుర్కది, ఒక దిక్కు మనది ఉంటదారా? సరే, నరుకు. కని ముందు అడుగు. ఎందుకు నరుకుతున్నవో గట్టిగ చెప్పు, అమ్మ ఇనాలె."

అతను నీళ్లు పోశాడు. మాను మీద చెయ్యి పెట్టాడు. అంతకు ముందు ఎండాకాలంలో అతని బిడ్డకు అమ్మవారు పోసింది. ఆ పిల్లను పడుకోబెట్టిన వేపాకు అంతా ఖాలా వాకిట్లోని కొమ్మలదే. అవే చేతికి అందేవి. ఖాలాయే విరిచి, ఒడిలో పోసుకుని వాళ్లింటికి మోసింది. అది గల్లీ అందరికీ తెలుసు. ఎందుకో చెప్పకుండానే అతను మాను మీది నుంచి చెయ్యి తీసేశాడు.

అప్పుడు ఎదురింటి తలుపు తెరుచుకుంది. ఖాలా ఎండుపుల్లల మోపు తెచ్చి అతని ముందు పెట్టింది.

"తీస్కపో భాయ్. పొయ్యి ఆరితే పిల్లలకు తక్లీఫ్ అయితది" అంది.

పొయ్యి ఆరిందని తనే అన్నాడు కదా, మోయక తప్పలేదు. అతను మోపు ఎత్తుకుని, గొడ్డలి చంకన పెట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్లిపోయాడు, వెనక వచ్చినవాళ్లూ జారుకున్నారు. ఆ యేడు పీర్ల గుండానికి పుల్లలు తక్కువ పడ్డాయి. నాయనమ్మ నన్ను వెంటేసుకుని మౌలాలి గుట్ట దాకా పోయి ఏరుకొచ్చింది. దారి పొడుగునా మోకాళ్లను తిడుతూనే ఉంది.

తర్వాతి ఆషాఢంలో బోనాలొచ్చాయి. బోనానికి వేపమండలు కట్టాలి. నాయనమ్మ చెంబు పట్టుకుని మా వైపు కొమ్మలను దాటి ఖాలా వాకిట్లోకి వెళ్లింది.

"చెల్లె, ఈసారి నువ్వే అడిగి ఇరువు" అంది.

ఖాలా చెట్టును అడిగి విరిచింది, నాయనమ్మ కట్టుకుంది. ఆ బోనం నెత్తినెత్తుకుని, కావాలనే గల్లీ చివరింటి ముందు నుంచి నడిచింది. ఆ మండలు ఎవరి వాకిట్లోవో తెలియనివాళ్లు లేరు. చివరింటాయన బిందెతో బయటికొచ్చి, వంగి, నాయనమ్మ కాళ్ల మీద నీళ్లు పోశాడు. నాయనమ్మ తల దించలేదు. బోనం ఉంది కదా మరి.