సందులో రంపపు పొట్టు

1956 జూన్ 14, ఉదయం 7 గంటల 20 నిమిషాలు. కడపలో మరునాడు తెరవబోయే బడిగదిలో, పైకప్పు దూలాల అతుకులు పరీక్షించడానికి బడివాళ్లు పిలిచిన వడ్రంగి మేస్త్రీ బుడేన్ సాహెబ్ నిచ్చెన ఎక్కాడు. ఏ అతుకునైనా ఆయన కంటితో నమ్మడు. బొటనవేలి గోరుతో తడుముతాడు. ఈసారి గోరు అతుకు సందులోకి దిగిపోయింది. బోల్టు చుట్టూ బంకతో కలిపి కూరిన రంపపు పొట్టు వేలికి జిగటగా అంటుకుంది. వాసన చూసి, ముఖం తిప్పుకొని, వేలిని గోడకు రెండుసార్లు రుద్దాడు.

“ఇరగలేదు కదప్పా సాయిబూ! రంగేస్తే ఎవురికి కనపడతాది?” అన్నాడు కిందనుంచి కాంట్రాక్టరు శేషన్న.

“ఇరగలేదు. చెయ్యి పెడితేనే ఊగుతాండాది. దీన్ని అతుకంటారా? థూ! మొత్తం ఊడదీయించు.”

శేషన్న నవ్వి, రంగు డబ్బా మూత తీశాడు. గదిలో ఆ దూలాల కింద పిల్లల కోసం అప్పటికే వేసిన బెంచీలు ఇరవై నాలుగు.